చైర్‌పర్సన్ కుర్చీలో అయిదేళ్లు: నా అనుభవం

మా ఊళ్లో చాలామంది నన్ను మేయర్ మేడం అనే పిలిచేవాళ్లు. మేయర్ ఉండేది కార్పొరేషన్‌కి. మాలాంటి చిన్న మున్సిపాలిటీకి, నగర పంచాయతీకి ఉండేది చైర్‌పర్సన్. జనానికి ఆ తేడాతో పనిలేదు. ఊళ్లో ఏది చెడినా వెళ్లి అడగాల్సిన మనిషి ఎవరు అన్నదే వాళ్లకు కావాలి. చట్టం ప్రకారం ఆ మనిషి చేతిలో ఉన్నదెంత, లేనిదెంత అన్నది నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. 2026 మార్చితో మా కౌన్సిల్‌కి అయిదేళ్లు నిండాయి. ఈసారి పోటీ చేద్దామనుకుంటున్న ఆడవాళ్లు కొందరు వచ్చి "అక్కా, లోపల అసలు ఏముంటుంది?" అని అడుగుతున్నారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మాది రాయలసీమ. నేను అంతకుముందు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయనకు ఎరువుల కొట్టు ఉంది. రాజకీయాల్లో తిరిగింది మా మామగారు, నేను కాదు. చైర్‌పర్సన్ స్థానం మహిళకు రిజర్వు అయింది కాబట్టి పార్టీవాళ్లు మా ఇంటికి వచ్చారు. నా చదువు చూసి వచ్చారని నాకెప్పుడూ భ్రమ లేదు, మామగారి పేరు చూసే వచ్చారు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో సగం స్థానాలు ఆడవాళ్లకే కాబట్టి ఇలా వచ్చినవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఎలా వచ్చాం అన్నదానికంటే వచ్చాక ఫైలు ఎవరు చదివారు అన్నదే తర్వాత తేలుతుంది.

నామినేషన్ వేసింది 2020 మార్చిలో. అఫిడవిట్, ఇంటి పన్ను, నీటి పన్ను బకాయి లేదని కాగితం, వార్డులో ఓటున్న ప్రతిపాదకుడి సంతకం. అప్పటికి ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఉంది. ముగ్గురు పిల్లలున్నారని మా పార్టీలోనే ఒకామె ఆగిపోయింది. (ఆ నిబంధనను 2024లో తీసేశారు.) నామినేషన్లు అయ్యాక మార్చి 15న కరోనా కారణంగా రాష్ట్ర ఎన్నికల సంఘం ఎన్నికలను వాయిదా వేసింది. ఆరు వారాలన్నారు, ఏడాది అయింది. ఆ ఏడాదంతా మేం గెలిచినవాళ్లమూ కాదు, మామూలు మనుషులమూ కాదు. లాక్‌డౌన్‌లో బియ్యం కావాలన్నా, బ్లీచింగ్ చల్లించాలన్నా వార్డువాళ్లు మా గుమ్మం ముందుకే వచ్చేవాళ్లు. మా కంటే ముందున్న కౌన్సిల్ గడువు 2019 జులైలోనే అయిపోయింది. అప్పట్నుంచి ఊరు ప్రభుత్వం పెట్టిన ప్రత్యేకాధికారి పాలనలోనే ఉంది.

చివరికి 2021 మార్చి 10న పోలింగ్, 14న లెక్కింపు, 18న చైర్‌పర్సన్ ఎన్నిక. ఇక్కడ చాలామంది పొరపడతారు. ప్రజలు నాకు ఓటేసింది వార్డు కౌన్సిలర్‌గా మాత్రమే. చైర్‌పర్సన్‌ని ఎన్నుకునేది కౌన్సిలర్లు, అదీ చేతులెత్తి. ఎక్స్‌అఫీషియో సభ్యులుగా, అంటే తమ పదవి రీత్యా, ఎమ్మెల్యేకి, ఎంపీకి ఓటు ఉంటుంది. ఎవరికి ఓటేయాలో చెబుతూ పార్టీ విప్ జారీ చేస్తుంది. మా దగ్గర మెజారిటీ స్పష్టంగా ఉంది కాబట్టి క్యాంపులు, బస్సులు అవసరం రాలేదు. అందరం ప్రమాణం చేశాం, ఒకరు నా పేరు ప్రతిపాదించారు, ఇంకొకరు బలపరిచారు, చేతులు లేచాయి. అంతా కలిపి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

మరుసటి రోజు నుంచి ఇంటి ముందు జనం. పింఛన్ రాలేదని, రేషన్ కార్డులో పేరు లేదని, ఇంటి స్థలం కావాలని, పుట్టిన సర్టిఫికెట్లో పేరు తప్పు పడిందని. వీటిలో ఎక్కువ భాగం చైర్‌పర్సన్ పని కాదు. పింఛన్, రేషన్ దరఖాస్తులు వార్డు సచివాలయానికి వెళ్లేవి. జనన మరణాల నమోదుకు వేరే రిజిస్ట్రార్ ఉంటారు, అక్కడ నా సంతకం చెల్లదు. కానీ "ఇది నా పని కాదమ్మా" అని గుమ్మంలో నిలబడి ఎవరూ అనలేరు. ఎక్కడికి పోవాలో చెప్పి, ఒక ఫోన్ చేసి పంపేదాన్ని. మొదటి కొన్ని వారాలు నా పనంతా ఇదే అయిపోయింది. కౌన్సిలర్ చేయాల్సిన పని, సచివాలయ కార్యదర్శి చేయాల్సిన పని నేను చేస్తూ, నేను చేయాల్సిన పని ఏమిటో చూడనేలేదు.

అంతలో కరోనా రెండో దశ వచ్చింది. ఏప్రిల్, మే నెలలు ఎలా గడిచాయో మళ్లీ తల్చుకోబుద్ధి కాదు. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. ఆ రోజుల్లో ఊరు నడిచింది పారిశుద్ధ్య కార్మికుల వల్ల. హైపోక్లోరైట్ పిచికారీ చేసింది వాళ్లు, కరోనా వచ్చిన ఇళ్ల చెత్త ఎత్తింది వాళ్లు, సొంతవాళ్లు దగ్గరకు రాని శవాలను శ్మశానానికి తీసుకెళ్లింది వాళ్లు. నేను చేసిందల్లా వాళ్లకు గ్లౌజులు, మాస్కులు ఆగకుండా చూడడం, దహనానికి కట్టెలు ముందే తెప్పించి పెట్టించడం. ఈ కొనుగోళ్ల దగ్గరే మున్సిపాలిటీ ఎలా నడుస్తుందో నాకు మొదటిసారి తెలిసింది.

డబ్బు ఖర్చు పెట్టేది కమిషనర్, అంటే ప్రభుత్వం పంపే అధికారి. సిబ్బంది కమిషనర్ కింద ఉంటారు. బిల్లు మీద సంతకం కమిషనర్‌ది. బిల్డింగ్ ప్లాన్ నేను మంజూరు చేయలేను, అక్రమ కట్టడానికి నోటీసు నేను ఇవ్వలేను, ఉద్యోగిని నేను బదిలీ చేయలేను. మరి చైర్‌పర్సన్ ఏం చేస్తుంది? కౌన్సిల్‌ని సమావేశపరుస్తుంది, దానికి అధ్యక్షత వహిస్తుంది, రికార్డులన్నీ అడిగి చూడగలుగుతుంది, పాలన ఎలా సాగుతోందో పర్యవేక్షిస్తుంది. అత్యవసరమైతే, మోటారు కాలిపోయిందనో పైపు పగిలిందనో ఫైలు వస్తే, కౌన్సిల్ కలిసేదాకా ఆగకుండా ముందస్తు ఆమోదం ఇస్తుంది. ఆ తర్వాత దాన్ని సమావేశంలో పెట్టి ధ్రువీకరణ తీసుకోవాలి. కట్టెలు, గ్లౌజుల ఫైళ్లు నా దగ్గరకు వచ్చింది ఆ దారిలోనే. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం తెలుగు ప్రతి ఒకటి తెప్పించుకుని, ఎండాకాలమంతా పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివాను. లెక్కల టీచర్‌ని కదా, సూత్రం తెలియకుండా లెక్క చేయడం నాకు చేతకాదు.

చదివాక తెలిసిందేమిటంటే, చైర్‌పర్సన్ అసలు బలం ఎజెండాలో ఉంది. నెలకోసారి సాధారణ సమావేశం జరగాలి. దానికి కొద్దిరోజుల ముందు ఎజెండా సభ్యులందరికీ చేరాలి. ఏ పని ఎజెండాలోకి ఎక్కుతుంది, ఏది ఎక్కదు, ఎక్కినదాని వెనుక ఏ ఫైలు ఉంది అన్నది సమావేశం హాలు బయటే తేలిపోతుంది. హాల్లో మేం అరుచుకున్నదంతా పేపర్లో వస్తుంది. తీర్మానం మాత్రం ముందే టైపు అయి ఉంటుంది.

నేను కూర్చున్న తొలి సమావేశాల్లో టేబుల్ ఎజెండా అని ఒక పద్ధతి చూశాను. ముందుగా పంపిన ఎజెండా అయిపోయాక, చివర్లో కొన్ని కాగితాలు టేబుల్ మీదకు వస్తాయి. అప్పటికి అందరికీ ఆకలి వేస్తూ ఉంటుంది. "ఆమోదించడమైనది" అనేస్తారు. ఒకసారి అలా వచ్చినదాన్ని ఆపి చదివితే, మున్సిపల్ షాపింగ్ కాంప్లెక్స్‌లో కొన్ని గదుల లీజు పొడిగింపు. అద్దె ఎన్నేళ్లుగానో పాతదే. ఆ రోజు దాన్ని వాయిదా వేశాను. అప్పట్నుంచి ప్రాణం మీదకు వచ్చిన పని అయితే తప్ప టేబుల్ మీద పెట్టొద్దని చెప్పాను. మా సొంత పార్టీ కౌన్సిలర్లే అలిగారు. "మేడం, మనవాళ్లే కదా" అన్నారు ఒకరు. మనవాళ్లే కాబట్టే ముందు చదవాలన్నాను. ఆ గదులకు తర్వాత బహిరంగ వేలం పెట్టించగలిగాం. రోజువారీ మార్కెట్ ఆశీలు (అమ్మేవాళ్ల దగ్గర వసూలు చేసే రుసుము) వేలం కూడా అంతే, ఎవరు పాడతారో ముందే అనుకుని వచ్చేవాళ్లు. దాన్ని పూర్తిగా మార్చలేకపోయాం. వేలం తేదీ ఊరంతా మైకులో చెప్పించాం, పాడేవాళ్లు కొంత పెరిగారు. అంతవరకే.

కమిషనర్ల గురించి ఒక మాట. మా అయిదేళ్లలో కమిషనర్లు మారుతూ వచ్చారు. ఒకాయన ప్రతి ఫైలూ చూపించి మరీ చేసేవారు. ఇంకొకాయన చైర్‌పర్సన్ అంటే జెండా ఎగరేసే మనిషి అనుకునేవారు. ఆయనతో గొడవ పడితే పేపర్లో పడతాం, పని ఆగుతుంది. అందుకని నేను నోటితో అడగడం మానేసి కాగితం మీద అడగడం మొదలుపెట్టాను. "ఫలానా రిజిస్టర్ పరిశీలన నిమిత్తం పంపగలరు" అని రాసి, కాగితం ఆఫీసులో అందినట్టు ఇన్‌వార్డ్ నంబరు వేయించుకునేదాన్ని. నోటితో అడిగితే "చూద్దాం మేడం" అనేవాళ్లు, నంబరు పడ్డ కాగితానికి మాత్రం జవాబు ఇవ్వక తప్పదు.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అడిగే ఆడవాళ్లందరికీ ఇదే అనుమానం. మొదట్లో కాంట్రాక్టర్లు, ఉద్యోగులు కొట్టుకి వెళ్లి ఆయనతోనే మాట్లాడేవాళ్లు. "సార్‌తో చెప్పాం మేడం" అని నాకు చెప్పేవాళ్లు. ఎక్కడో సభలో ఆయన్ని "చైర్మన్ గారు" అని వేదిక మీదకు కూడా పిలిచారు. నేను ఇంట్లో పెద్ద యుద్ధమేమీ చేయలేదు. మున్సిపల్ ఆఫీసు మేనేజర్‌ని పిలిచి, నా దగ్గరకు రావాల్సిన ఫైలు ఆఫీసులో నా గదికే రావాలి, ఇంటికీ కొట్టుకీ వెళ్లకూడదని చెప్పాను. మా ఆయన కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. తర్వాత ఎరువుల సీజన్ వచ్చి ఆయనకే తీరిక లేకపోయింది. అందరి ఇళ్లలో ఇంత సులువుగా తేలుతుందని చెప్పను.

ఇక పన్ను. మేం వచ్చిన ఏడాదే ఆస్తి పన్ను పద్ధతి మారింది. అంతకుముందు ఇంటికి ఎంత అద్దె వస్తుందన్న లెక్క మీద పన్ను ఉండేది. కొత్త పద్ధతిలో ఆస్తి విలువ మీద. దీని వెనుక కేంద్రం 2020లో రాష్ట్రాలకు అదనపు అప్పులకు పెట్టిన షరతులు ఉన్నాయి, పట్టణాల్లో పన్ను రిజిస్ట్రేషన్ విలువలకు దగ్గరగా ఉండాలన్నది వాటిలో ఒకటి. చట్టం పైన మారింది, కానీ ముసాయిదా పెట్టి, అభ్యంతరాలు తీసుకుని, తీర్మానం చేయాల్సింది కింద మేం. అంటే రాళ్లు పడేది మా మీద.

సమావేశానికి ముందు రెవెన్యూ ఆఫీసర్‌ని కూర్చోబెట్టుకున్నాను. పెంకుటిల్లు, చిన్న డాబా, రెండంతస్తుల మేడ, మెయిన్ రోడ్డు మీద షాపు, ఇలా నాలుగు రకాలకు పాత పన్నెంత, కొత్తదెంత లెక్క కట్టించాను. 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే. మిగతావాటికి పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని పరిమితి. ఆ కాగితం జిరాక్స్ తీసి కౌన్సిలర్లందరికీ, ప్రతిపక్షంవాళ్లకు కూడా ఇచ్చాను. ప్రతిపక్ష సభ్యుడొకరు దాన్ని చదివి, "ఈ ఏడాది 15 అంటారు, మరి వచ్చే ఏడాది?" అన్నారు. సరైన ప్రశ్న. వచ్చే ఏడాది కూడా పెరుగుతుందని చెప్పాను, దాచలేదు. వాళ్లు డిసెంట్ (అసమ్మతి) రాయించి బయటకు వెళ్లారు, మేం మెజారిటీతో ఆమోదించాం.

సొంతంగా పన్ను వసూలు చేసుకోని ఊరు వేసవిలో మోటారు కాలినా పై నుంచి డబ్బు వచ్చేదాకా చూస్తూ కూర్చోవాలి. అందుకే పన్ను అవసరమని ఇప్పటికీ అంటాను. కానీ ఏడాదంతా జీతం లేని కరోనా రోజుల్లో పెట్టడం నాకు నచ్చలేదు, ఆ మాట పార్టీ సమావేశంలోనే అన్నాను. చెత్త సేకరణకు ఇంటింటికీ పెట్టిన రుసుము ఇంకో తలనొప్పి. జనం దాన్ని చెత్త పన్ను అనే అన్నారు. సచివాలయ ఉద్యోగులు ఇల్లిల్లూ తిరిగి తిట్లు తిన్నారు. 2024 చివర్లో దాన్ని రద్దు చేశారు. వసూలైన నెలల్లో కూడా దానివల్ల మా బండ్లు ఎక్కువ తిరిగాయని నేను చెప్పలేను.

మున్సిపాలిటీ డబ్బు గురించి తెలియనివాళ్లకు ఒక సంగతి. ఖాతాలో డబ్బు ఉన్నంతమాత్రాన ఖర్చు పెట్టలేం. మా కాలంలో పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంటు మాలాంటి ఊళ్లకు వస్తే, అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాల్సి వచ్చేది. శ్మశానం గోడ పడిపోయినా ఆ భాగం ముట్టుకోవడానికి ఉండేది కాదు. సాధారణ నిధుల్లోంచి వీధి దీపాల కరెంటు బిల్లు, నీటి మోటార్ల కరెంటు బిల్లు, కార్మికుల జీతాలు పోగా మిగిలేది తక్కువ. ఆస్తి పన్నుతో కలిపి వసూలు చేసే గ్రంథాలయ సెస్సు మాది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు పోవాలి. కౌన్సిలర్లు మాత్రం ఖాతాలో పెద్ద అంకె చూసి "మా వార్డుకు రోడ్డు" అంటారు.

రోడ్డు మంజూరైనా కష్టమే. పని చేసిన కాంట్రాక్టర్‌కి బిల్లు నెలల తరబడి రాకపోతే తర్వాతి టెండరుకి ఎవరూ రారు. ఒక డ్రైనేజీ పనికి మేం టెండరు పిలిస్తే ఒక్క కవరు కూడా పడలేదు. మళ్లీ పిలిచాం, మళ్లీ అంతే. పాత కాంట్రాక్టర్‌ని పిలిచి అడిగితే, "మేడం, మీ మీద గౌరవం ఉంది, కానీ నా భార్య నగలు బ్యాంకులో ఉన్నాయి" అన్నాడు. చివరికి పనిని చిన్న ముక్కలుగా చేసి, డబ్బు చేతిలో ఉన్నంత మేరకే పిలిచాం. నిధులు చూసుకోకుండా పనులు మంజూరు చేసుకుంటూ పోవడం మన పట్టణాల పెద్ద జబ్బు. శంకుస్థాపన రోజు అందరూ సంతోషంగానే ఉంటారు.

శంకుస్థాపన అంటే శిలాఫలకం. దాని మీద పేర్ల వరుస గురించి జరిగినంత చర్చ మా ఊళ్లో బడ్జెట్ మీద జరగలేదు. ఎవరి పేరు పైన, ఎవరిది కింద, ఏ అక్షరం ఎంత పెద్దది. ఒకసారి వైస్ చైర్మన్ పేరు మర్చిపోయారని పూర్తయిన ఫలకం పగలగొట్టి కొత్తది చేయించారు. మా దగ్గర ఇద్దరు వైస్ చైర్మన్లు, ఒకరిని మర్చిపోవడం తేలిక.

నీళ్ల గురించి చెప్పకుండా రాయలసీమలో చైర్‌పర్సన్ పని గురించి చెప్పినట్టు కాదు. మాకు కాలువ నీళ్లతో నింపే సమ్మర్ స్టోరేజీ ట్యాంకు ఉంది. కాలువకు నీళ్లు వదిలినప్పుడు నింపుకోవాలి, ఆ నీళ్లతోనే ఎండాకాలం గట్టెక్కాలి. ఎండలకు నీళ్లు ఆవిరవుతాయి, పాచి పడుతుంది, కుళాయి నీళ్లు వాసన వస్తున్నాయని ఫోన్లు. కాలువ అధికారులతో మాట్లాడాల్సింది ఫిబ్రవరిలోనే. ఏప్రిల్లో మాట్లాడితే దొరికేది ట్యాంకర్ మాత్రమే. ట్యాంకర్ మొదలైందంటే దాని చుట్టూ రాజకీయం కూడా మొదలవుతుంది, ఎవరి వీధికి ముందు, ఎన్ని ట్రిప్పులు రాశారు, ఎన్ని తిరిగాయి.

మా ఊళ్లో చివరి వీధులకు నీళ్లు అందేవి కావు. ఇంజనీరింగ్‌వాళ్లు పైపులు పాతవన్నారు, అదీ నిజమే. ఒక తెల్లవారుజామున నీళ్లు వదిలే లైన్‌మన్‌తో పాటు వాల్వ్ దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. నీళ్లు వదిలిన కాసేపటికే పై వీధుల్లో మోటార్లు మొదలయ్యాయి. కుళాయికి నేరుగా మోటారు బిగించుకుంటే కింది వీధికి గాలి తప్ప నీళ్లు రావు. లైన్‌మన్ నవ్వి, "ఈ సంగతి అందరికీ తెలుసమ్మా, ఎవరూ పీకరు" అన్నాడు. మోటార్లున్న ఇళ్లలో కౌన్సిలర్ల ఇళ్లు కూడా ఉన్నాయి. మా వీధిలో ఉన్నవాటిలో ఒకటి మా బావగారిది.

ముందు అదే తీయించాను. బావగారు చాలాకాలం మా ఇంటి గడప తొక్కలేదు. మా అత్తగారు నా ముందే, "పదవి వచ్చి ఇల్లు చెడింది" అన్నారు. కానీ మా బావగారి మోటారే పీకారన్న కబురు సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది, మిగతా కౌన్సిలర్లకు మాట్లాడడానికి లేకుండా పోయింది. ఏ వీధికి ఏ రోజు, ఎంతసేపు వదులుతారో సచివాలయాల గోడల మీద రాయించాం. మోటార్లు పూర్తిగా పోలేదు, రాత్రి పూట తిరిగి బిగించేవాళ్లు బిగించారు. అయినా చివరి వీధిలో రెండు బిందెలు నిండిన దగ్గర ఆరు నిండడం మొదలైంది. అయిదేళ్లలో నేను చేసిన పని ఏదంటే నేను చెప్పేది ఇదే. దానికి శిలాఫలకం లేదు, టెండరు లేదు, తీర్మానం కూడా రెండు లైన్లే.

2023 డిసెంబరు 26న రాష్ట్రమంతటా మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. మా ఊళ్లో కూడా బండ్లు ఆగాయి. కొద్దిరోజుల్లోనే మార్కెట్ దగ్గర చెత్త గుట్టలు పడ్డాయి. వాళ్లు అడిగేది సమాన పనికి సమాన వేతనం, పర్మినెంట్ చేయడం. రెండూ మున్సిపాలిటీ చేతిలో లేవు. వాళ్ల జీతం ఖరారు చేసేది మేం కాదు, వాళ్లను పనిలోకి తీసుకునేది మేం కాదు, వాళ్లు ఎత్తే చెత్త మాత్రం మాది. బయటి మనుషుల్ని పెట్టి చెత్త ఎత్తించమని పైనుంచి చెప్పారు. కరోనాలో శవాలు మోసినవాళ్ల కళ్ల ముందు అలా చేయడానికి నాకు మనసొప్పలేదు. వాళ్ల సమ్మె టెంట్ దగ్గరకు వెళ్లాను. ఒక పెద్దావిడ, "అమ్మా, నువ్వు వచ్చి కూర్చుంటే మాకు జీతం పెరగదు, పోయి పైవాళ్లకు చెప్పు" అంది. ఆమె అన్నమాట నిజమే. ఆసుపత్రి, మార్కెట్ దగ్గర మాత్రం వాళ్ల నాయకులే ఒప్పుకుని కొంత ఎత్తించారు. సంక్రాంతి ముందు సమ్మె విరమించారు. అప్పటిదాకా ప్రతి ఫోన్ నాకే.

కుక్కల సంగతి అయితే ఇప్పటికీ నాకు ఊపిరాడదు. పిల్లాడిని కుక్క కరిచిందని తల్లి ఏడుస్తూ వస్తుంది, వాటిని పట్టి ఊరవతల వదిలేయమంటుంది. నిబంధనల ప్రకారం మామూలుగా చంపకూడదు, వేరేచోట వదలకూడదు. శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. దానికి షెడ్డు కావాలి, డాక్టర్ కావాలి, శిక్షణ ఉన్న మనుషులు కావాలి. చిన్న ఊరికి అవన్నీ ఎక్కడివి? పక్క మున్సిపాలిటీతో కలిసి చేద్దామని ప్రయత్నించాం, కొంత జరిగింది, సరిపోలేదు.

రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పట్టణాలకు ఇవ్వాల్సిన 18 అంశాలు ఉన్నాయి. దాన్ని తెచ్చిన 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. పట్టణ ప్రణాళిక నుంచి బందెల దొడ్డి వరకు అన్నీ ఆ జాబితాలో రాసి ఉన్నాయి. చదివితే ఊరికి మనమే ప్రభుత్వం అనిపిస్తుంది. అగ్నిమాపకం కూడా అందులో ఉంది, కానీ ఫైరింజన్ మా కింద లేదు. పేదల ఇళ్లు, పెద్ద నీటి పథకాలు, ఉద్యోగుల నియామకాలు, ఇవన్నీ వేరేవాళ్లు చేసి మా కార్యాలయం ముందు బ్యానర్ కడతారు. బందెల దొడ్డి మాత్రం నిజంగానే మాది, రోడ్డు మీద ఆవుల్ని పట్టి కడితే యజమాని నేరుగా మా ఇంటికే వచ్చేవాడు.

గౌరవ వేతనం గురించి కూడా అడుగుతారు. అది కారు డీజిల్‌కి, పెళ్లిళ్ల చదివింపులకు చాలదు. ఊళ్లో ప్రతి గృహప్రవేశానికీ పిలుస్తారు, వెళ్లకపోతే గర్వం అంటారు. ఇంట్లో ఇంకో సంపాదన లేనివాళ్లు ఈ పదవిలో నిజాయితీగా ఉండడం చాలా కష్టం. ఈ విషయం ఎవరూ బయటకు అనరు.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది, పూలదండలు అయిపోయిన వారంలోనే కొన్ని కాగితాలు రాతపూర్వకంగా అడగమని. మొదటిది డీసీబీ, అంటే పన్ను ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత మిగిలింది. అందులో పెద్ద బకాయిదారుల పేర్లు విడిగా రాయించుకోవాలి, సగం రాజకీయం అక్కడే కనబడుతుంది. రెండోది మున్సిపాలిటీ పేరు మీదున్న కరెంటు సర్వీసుల, అంటే కనెక్షన్ల జాబితా. మాకు ఎప్పుడో ఎండిపోయిన బోర్లకు కూడా నెలనెలా బిల్లు కడుతున్నట్టు ఆ జాబితాలోనే దొరికింది, వాటిని తీయించాం. పని పూర్తయి బిల్లు రాని కాంట్రాక్టుల జాబితా, షాపుల లీజులు ఎప్పుడు ముగుస్తాయో తేదీలు, కోర్టు కేసుల పట్టిక, ఇవి కూడా. ఇవన్నీ చేతికి వచ్చేదాకా ఏ వార్డులోనూ ఏ రోడ్డుకీ మాట ఇవ్వొద్దని చెబుతాను. ఇంకా ఒకటి, లైన్‌మన్ ఫోన్ నంబరు కమిషనర్ నంబరు కంటే ముందు తీసుకోవాలి. వేసవిలో ముందు అవసరమయ్యేది అదే.